డ్యూయెల్ దుంగల ఇల్లు

డ్యూయెల్ దుంగల ఇల్లు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని యూటా రాష్ట్ర రాజధాని అయిన సాల్ట్ లేక్ సిటీలో భద్రపరచబడిన ఒక పురాతన గృహం. దీనిని 1847లో ఓస్మిన్ డ్యూయెల్, విలియం డ్యూయెల్ అను సోదరులు నిర్మించారు. ఆ నగరపు తొలి కోటలోని ఇళ్ళలో నేటికి మిగిలినవి రెండే. వాటిలో ఇది ఒకటి.

చరిత్ర

1847 జూలై 24న బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో మోర్మన్ వలసదారులు ఈ లోయకు చేరుకున్నారు. చలికాలం ముంచుకొస్తుండడంతో ఆగస్టులోనే కోట పని మొదలుపెట్టారు. ఇది రాతి బురుజుల కోట కాదు. ఇళ్ళను ఒకదానికొకటి ఆనించి చతురస్రాకారంలో కట్టగా, వాటి వెనుక గోడలే ప్రాకారమైనవి. తలుపులు, కిటికీలు లోపలి వైపుకు ఉండేవి.

వలసదారులు ఇక్కడి వాతావరణం పొడిగా ఉంటుందని నమ్మి, కర్రలు, కొమ్మలు పరచి మట్టి మిద్దెలు వేసుకున్నారు. వాటికి తగినంత వాలు లేదు. 1848 వసంతంలో కురిసిన వానలకు కప్పులన్నీ కారి, మంచాలు, సామానులు తడిసి ముద్దయ్యాయి. అదే కాలంలో ఆహారం కూడా కొరవడినది. స్థానిక ఆదివాసులు తినే సెగో లిల్లీ దుంపలే చాలామందిని ఆదుకున్నాయి. ఈ మొక్క పువ్వు 1911లో యూటా రాష్ట్ర పుష్పమైనది.

తరువాత ప్రజలు తమ తమ స్థలాలకు తరలిపోవడంతో కోట అంతరించింది. డ్యూయెల్ ఇంటిని ఆల్బర్ట్ కారింగ్టన్ కొని తన స్థలానికి మార్చుకున్నాడు. ఆ విధంగా ఇల్లు దక్కినది. (ఈయన 1849-50లో హోవార్డ్ స్టాన్స్‌బరీ జరిపిన గ్రేట్ సాల్ట్ లేక్ సర్వేలో పాల్గొన్నాడు.) ఇరవయ్యవ శతాబ్దంలో దీనిని చాలాకాలం టెంపుల్ స్క్వేర్‌లో ప్రదర్శించి, 1980వ దశకంలో చర్చి చరిత్ర మ్యూజియం ప్రక్కన నెలకొల్పారు.

మూలికల తోట

ఇంటి వద్ద ఆనాటి కుటుంబాల పెరడును తలపించే మూలికల తోట పెంచబడినది. ఆ రోజులలో మూలికలు వంటకన్నా వైద్యానికే ఎక్కువ అవసరమయ్యేవి. శామ్యూల్ థామ్సన్ (1769-1843) ప్రచారం చేసిన మూలికా వైద్యాన్ని వలసదారులలో చాలామంది అనుసరించేవారు. నాటి వైద్యులు రక్తం తీయడం, పాదరసపు మందు ఇవ్వడం చూస్తే ఈ అభిమానం ఆశ్చర్యం కలిగించదు. దగ్గుకు హోర్‌హౌండ్, గాయాలకు యారో, అజీర్ణానికి పుదీనా, గొంతునొప్పికి సేజ్ వాడేవారు. అయితే తట్టు వంటి అంటువ్యాధులకు ఇవి మందు కాలేదు.

వీటిలో కొన్ని ప్రమాదకరమైనవి కూడా కలవు. పురుగులను తరిమే టాన్సీని అధికంగా సేవిస్తే విషం. విరిగిన ఎముకలకు కట్టే కాంఫ్రేను లోనికి తీసుకుంటే కాలేయం చెడుతుంది. ఈ కారణంగానే 2001లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ నోటితో తీసుకునే కాంఫ్రే ఉత్పత్తులను అమ్మకం నుండి తొలగించాలని తయారీదారులకు సూచించినది.