కరువు సీమ నుంచి ఎడమచేతి బౌలర్లు

2023 జూలై 9న బంగ్లాదేశ్‌లోని మీర్‌పూర్‌లో బారెడ్డి అనూష భారత మహిళల జట్టు తరఫున తొలి టీ20 ఆడింది. ఆమెది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లి. పనుల్లేక వలసపోయే జనం కోసం తెచ్చిన ఉపాధి హామీ పథకానికి 2006 ఫిబ్రవరి 2న శ్రీకారం చుట్టింది ఆ ఊళ్లోనే. అనూష కంటే ఏడు నెలల ముందు ఆదోని అమ్మాయి అంజలి శర్వాణి ఆస్ట్రేలియా మీద బరిలోకి దిగింది. 2025 ఏప్రిల్‌లో కడప జిల్లా ఎర్రమల్లె అమ్మాయి శ్రీచరణి శ్రీలంకలో తొలి వన్డే ఆడింది. మూడేళ్లు తిరక్కముందే రాయలసీమ నుంచి ముగ్గురు వచ్చారు. ముగ్గురూ బౌలర్లే, ముగ్గురిదీ ఎడమచేతి వాటమే. దీన్ని అదృష్టమనో దైవమిచ్చిన వరమనో సరిపెట్టుకుంటే మనకు పనికొచ్చే విషయం చేజారిపోతుంది. పల్లెటూరి పిల్ల క్రికెటర్ కావడమన్నది ఆమె చెయ్యి తిరిగిన తీరు మీదే కాదు, పన్నెండో ఏటి నుంచి ఇరవయ్యో ఏటి దాకా ఆమెకు ఎన్ని అసలైన మ్యాచ్‌లు దొరికాయన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ మ్యాచ్‌లు దొరికే ఏర్పాటు మండల స్థాయిలో ఉండాలి. అనంతపురం జిల్లా విడపనకల్లు లాంటి చోట ఉండాలి.

ముందు బౌలర్ల సంగతి చూద్దాం. బ్యాటింగ్ ఖర్చుతో కూడిన విద్య. మంచి బ్యాటు, ప్యాడ్లు, గ్లవ్స్, హెల్మెట్ కావాలి. పిల్ల ఎదిగేకొద్దీ అవన్నీ మళ్లీ కొనాలి. వాటన్నిటికంటే ముఖ్యంగా రోజూ వందల బంతులు వేసే మనుషులు కావాలి. 2025 అండర్‌-19 ప్రపంచకప్‌లో స్కాట్లాండ్‌ మీద సెంచరీ కొట్టి, ఆ టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష వెనుక అలాంటి పెట్టుబడి ఉంది. కూతురి ఆట కోసం తండ్రి కుటుంబాన్ని హైదరాబాద్‌కు మార్చాడు. బౌలింగ్‌కు అంత అక్కర్లేదు. ఒక బంతి, ఒక జత బూట్లు, గురి చూసుకోవడానికి ఒక వికెట్టు ఉంటే పిల్ల ఒంటరిగానైనా గంటలకొద్దీ సాధన చెయ్యగలదు. పైగా ఎడమచేతి వాటం వాళ్లు ఎక్కడైనా తక్కువే కాబట్టి సెలెక్టర్ల కంట త్వరగా పడతారు. ముగ్గురిని చూసి సూత్రం కట్టెయ్యకూడదన్నది న్యాయమైన మాటే. కానీ డబ్బు లేని చోట ఏ తలుపు తెరిచి ఉంటుందో ఈ ముగ్గురూ చూపించారు. మన పల్లెల్లో బ్యాటు పట్టాల్సిన పిల్లలు ఎందరు మూసి ఉన్న తలుపు దగ్గరే ఆగిపోయారో లెక్క తేల్చేవాళ్లు లేరు.

అనూషను తెరిచి ఉన్న తలుపు దాటించింది అనంతపురంలోని ఆర్డీటీ క్రీడా అకాడమీ. ఆర్డీటీ అంటే విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ. కరువు మీద పనిచేస్తూనే మైదానాలూ కట్టింది. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు చాలావరకు జరిగింది అక్కడే. పల్లె పిల్లకు అకాడమీ ఇచ్చేది కోచింగ్ ఒక్కటే కాదు. ఉండడానికి చోటు, వేళకు తిండి, లెదర్ బంతితో మ్యాచ్‌లు కూడా ఇస్తుంది. టెన్నిస్ బంతితో వీధిలో ఎంత ఆడినా, లెదర్ బంతి వేళ్ల మీద ఎలా తిరుగుతుందో, దెబ్బ తిన్న తర్వాతి ఓవర్ ఎలా వెయ్యాలో అసలు మ్యాచ్‌లోనే తెలుస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. శ్రీచరణి చిన్నప్పటి నుంచీ క్రికెట్‌కే అంకితం కాలేదు, బళ్లో వేరే ఆటలు ఆడింది. పదహారేళ్ల ప్రాంతంలో ఇటు మళ్లింది. అయినా 2025 జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండ్‌ మీద తొలి టీ20లోనే 12 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. ఆ సిరీస్‌లో 10 వికెట్లతో ఉత్తమ క్రీడాకారిణి అయింది. నవంబర్ 2న భారత్ గెలిచిన ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది. ప్రతిభ ఉంటే దారి దానంతటదే దొరుకుతుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? జాగ్రత్తగా చూస్తే ఆమె కథ చెప్పేది వేరు. వేరే ఆటలతో కాళ్లూ ఒళ్లూ అప్పటికే గట్టిపడి ఉన్నాయి. మేనమామ ప్రోత్సాహం ఉంది. తండ్రికి థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగం ఉంది. నెలనెలా జీతం వచ్చే ఇల్లు కూతురి కోసం నాలుగేళ్లు ఓపిక పట్టగలదు. వాన మీద బతికే ఇంటికి ఆ నాలుగేళ్లు చాలా బరువు.

తొలి మ్యాచ్ ఆడాక కూడా ఆ బరువు దిగదు. అనూష ఆసియా క్రీడల జట్టుకూ ఎంపికైంది, ఆ జట్టు హాంగ్‌ఝౌలో స్వర్ణం గెలిచింది. తర్వాత జాతీయ జట్టులో చోటు నిలవక మళ్లీ దేశవాళీ బాట పట్టాల్సి వచ్చింది. అదే ఆసియా క్రీడలకు ఎంపికైన అంజలి గాయంతో తప్పుకుంది. 2022 నుంచి అంతర్జాతీయ మ్యాచ్ ఫీజు ఆడవాళ్లకూ మగవాళ్లతో సమానమే, టీ20కి 3 లక్షలు. తొలి మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యూపీఎల్) వేలంలో అంజలి ధర 55 లక్షలు, శ్రీచరణిని ఢిల్లీ జట్టు మొదటిసారి తీసుకున్నదీ అంతే మొత్తానికి. పేపర్లలో పెద్దక్షరాలతో వచ్చేవి ఈ అంకెలే. దేశవాళీ సీనియర్ మహిళల వన్డే మ్యాచ్ ఫీజు మాత్రం కొన్నేళ్లపాటు రోజుకు 20 వేలు. 2025 డిసెంబర్‌లో బోర్డు దాన్ని 50 వేలకు పెంచింది, మంచి పని. అయితే అది మ్యాచ్ ఉన్న రోజుల మాట. మోకాలు పట్టేసి ఇంట్లో కూర్చున్న నెలల్లో ఆ అమ్మాయిని నిలబెట్టేది ఎవరు? తొలి మ్యాచ్‌ను శిఖరంగా చూసి సన్మానాలు చేసే మనం, ఆ తర్వాతి రెండేళ్ల గురించి అడగడం లేదు.

ఇక విడపనకల్లు. బళ్లారి పక్కన కర్ణాటక సరిహద్దు మండలం. అనంతపురం అకాడమీకి ఎంపిక కావాలంటే ముందు ఎవరో ఒకరు ఈ పిల్లల ఆట చూడాలి. చూడాలంటే ఆట జరగాలి. తాగునీటికే కటకటలాడే చోట మైదానాలేమిటని అడిగేవాళ్ల బాధ నిజమైనదే. కానీ పచ్చగడ్డి మైదానం అడగడం లేదు. చదును చేసిన నేల మీద సిమెంటు పిచ్ పోసి కొబ్బరిపీచు మ్యాట్ పరిస్తే చాలు, దానికి నీళ్లక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే జిల్లాలో వానకు రద్దయ్యే మ్యాచ్‌లూ తక్కువే. మన పొలాలను ఎండబెట్టే ఆకాశం ఈ ఒక్క ఆటకు అనుకూలం.

లక్షమందిలో ఒక్కరు పైకొస్తారు, మిగతా పిల్లలకు ఆశ చూపి మోసం చేసినట్టు కాదా అన్నది అన్నిటికంటే గట్టి అభ్యంతరం. అవును, అందరూ ఇండియాకు ఆడరు. అందుకే చదువు మానిపించి ఆడించే అకాడమీలు వద్దు, బడితో కలిసి నడిచే ఆట కావాలి. పదో తరగతి తర్వాత కూతురిని బడి మాన్పించాలా అని ఆలోచించే ఇంట్లో, జిల్లా జట్టుకు ఆడుతున్న పిల్ల సంగతి ఇంకో ఏడాది ఆగి ఆలోచిస్తారు. ఆ ఏడాది విలువ తక్కువేం కాదు.

జిల్లా క్రికెట్ సంఘం పెద్దలకు, విద్యాశాఖ అధికారులకు ఒక విన్నపం. విడపనకల్లు మండలంలోని హైస్కూళ్ల ఆడపిల్లలకు లెదర్ బంతితో ఏటా ఒక లీగ్ పెట్టండి. ఒక మ్యాట్, రెండు కిట్లు, రానుపోను బస్సు ఖర్చు మీరే భరించండి. ఎంపికలకు పిల్లలను అనంతపురం రమ్మనకుండా, సెలెక్టర్లనే ఇక్కడికి పంపండి.