పులి పచార్ల వెనక ఏముంది?

కంచె వెంట ఒకే బాటలో గంటల తరబడి తిరిగే పులి, నిలుచున్న చోటే తల ఊపుతుండే ఏనుగు జూకి వచ్చినవారికి హుషారుగా ఉన్నట్టు కనిపిస్తాయి. జంతు ప్రవర్తనా శాస్త్రం ఈ చేష్టలను స్టీరియోటిపీ అంటుంది. మార్పు లేకుండా, ప్రయోజనమేదీ కనిపించకుండా పదే పదే చేసే పనులివి. అడవి జంతువుల్లో దాదాపు కనబడవు. వేళకు తిండి అందుతున్నా జూలో ఇవి ఎందుకొస్తాయో తెలియాలంటే, జంతువు రోజంతా ఏం చేస్తోందో లెక్క తేలాలి.

ఆ లెక్కకు మొదట కావలసింది ఎథోగ్రామ్, అంటే ఆ జాతి చేసే పనుల జాబితా. నిద్ర, తిండి, వాసన చూడడం, ఆట, పచార్లు, ఇలా ప్రతిదానికీ ముందే నిర్వచనం రాసుకుంటారు. ఎన్నిసార్లు ఒకే దారిలో తిరిగితే పచార్లనాలో తేల్చుకోకపోతే, ఒకరు నడక అని రాసినదాన్ని ఇంకొకరు పచార్లని రాస్తారు.

రోజూ చూస్తున్నాంగా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. చూపు ఎప్పుడూ పోట్లాట వైపు, గాండ్రింపు వైపు పోతుంది. మూలన పడుకున్న జంతువును ఎవరూ రాసుకోరు. ఈ లోపానికి మందు చెప్పింది బబూన్ కోతులను పరిశోధించిన జీన్ ఆల్ట్‌మన్. 1974లో ప్రచురించిన వ్యాసంలో ఆమె పరిశీలన పద్ధతులను బేరీజు వేశారు. నిర్ణీత సమయంపాటు ఒకే జంతువును గమనించడం ఒకటి, కొన్ని నిమిషాలకోసారి గుంపు మొత్తాన్ని చూసి ఆ క్షణంలో ఏది ఏం చేస్తోందో నమోదు చేయడం మరొకటి. జూలు ఇప్పటికీ వీటినే వాడుతున్నాయి. కాగితాల పని తగ్గించేందుకు చికాగోలోని లింకన్ పార్క్ జూ ‘జూమానిటర్’ అనే యాప్ తయారుచేసింది. రాత్రి కాపలా కెమెరాలది.

లెక్క తేలాక అసలు పని మొదలవుతుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జూలో గస్ అనే ధ్రువ ఎలుగుబంటి 1994 ప్రాంతంలో కొలనులో 8 అంకె ఆకారంలో అదేపనిగా ఈదుతూ పత్రికలకెక్కింది. జూ ప్రవర్తనా నిపుణుణ్ని పిలిపించింది. పళ్లెంలో పెట్టినట్టు తిండి ఇవ్వడం మానేసి, చేపల్ని మంచుగడ్డల్లో పెట్టి శ్రమపడి తీసుకునేలా చేశారు. ఈత తగ్గిందిగానీ పూర్తిగా పోలేదు. గస్ 2013లో 27 ఏళ్ల వయసులో చనిపోయింది.

గస్ జాతికి ఇలాంటి చేష్టలు కొత్త కాదు. అడవిలో ఎంత విశాలంగా తిరిగే మాంసాహారి అయితే జూలో పచార్లు అంత ఎక్కువని రోస్ క్లబ్, జార్జియా మేసన్ 2003లో ‘నేచర్’ పత్రికలో చూపించారు. ధ్రువ ఎలుగుబంటికి జూలో దొరికే చోటు, అడవిలో అది తిరిగే కనీస విస్తీర్ణంలో దాదాపు పది లక్షల వంతే.

అలాగని అన్నిటికీ స్థలమే మందు కాదు. ఉత్తర అమెరికాలోని 39 జూలలో 89 ఏనుగులను గమనించిన 2016 నాటి అధ్యయనంలో, విడిగా ఉంచే సమయం పెరిగేకొద్దీ స్టీరియోటిపీ పెరిగింది, పిల్ల ఏనుగుల సావాసంలో తగ్గింది. ఏనుగుకు ముందు కావలసింది తోడు.

పచార్లు చేసే ప్రతి పులీ ఈరోజు బాధపడుతోందనడమూ తొందరపాటే. ఎప్పుడో ఇరుకు బోనులో పడిన అలవాటు విశాలమైన చోటికి మార్చాక కూడా మిగిలిపోవచ్చు. తిండి వేళ దగ్గరపడి ఆత్రంతో తిరుగుతూ ఉండొచ్చు. ఉలుకూపలుకూ లేకుండా పడుండే జంతువు సుఖంగా ఉందనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. అందుకే ప్రవర్తన లెక్కకు మలంలోని ఒత్తిడి హార్మోన్ల పరీక్షను జోడిస్తారు. రక్తం తీయనక్కర్లేదు, జంతువును పట్టుకోనక్కర్లేదు. మన దేశంలో ఈ పరీక్షలు చేసేవాటిలో హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల ఒకటి.

ఈ లెక్కల్లో సందర్శకుల పాత్రను కూడా రాస్తారు. జనం రద్దీ, గోల పెరిగినప్పుడు కొన్ని జంతువులు చాటుకు పోతాయి, కోతుల్లాంటివి చిరాకుపడి కలబడతాయి. పడుకున్న పులిని లేపడానికి ఈలలు వేసేవారు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది: జూలో జంతువును ఏడిపించడం, దానికి తిండి వేయడం, అరుపులతో ఇబ్బంది పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 38-జె సెక్షన్ నిషేధించిన పనులు.