బాకీ దావాకై ప్లీడరును చూడబోవుటకు ముందు

పంట యమ్మిన పైకమును నమ్మికతో అప్పిచ్చి, అది తిరిగి రాక చిక్కుపడు రైతులు మనలో పలువురు కలరు. ‘కుప్ప నూర్చిన పిమ్మట ఇచ్చెద’ నను బాకీదారు మాటపై సంవత్సరములు గడపి, తుదకు వీరు ప్లీడరు నాశ్రయింతురు. అప్పటికి బాకీ న్యాయమైనదే యైనను గడువు దాటియుండును. కావున సభ్యులు ముందుగా చేసికొనవలసిన పనులను ఇచ్చట వివరించుచున్నాము.

మొదటిది తేదీ. 1963 సం. కాలపరిమితి చట్టము ప్రకారము, కోరినప్పుడు చెల్లింతునని వ్రాసిన ప్రామిసరీ నోటుపై దావాకు నోటు తేదీనుండి 3 సంవత్సరములు గడువు. వాయిదా యేర్పరచుకొనక అరువిచ్చిన సరుకు విషయమున, సరుకు అప్పగించిన తేదీనుండి 3 సంవత్సరములు. గడువులోపల బాకీదారు కొంత చెల్లించి, ఆ చెల్లును తన దస్తూరితో వ్రాసినను, వ్రాసినదానిక్రింద సంతకము చేసినను, చెల్లించిన నాటినుండి మరల 3 సంవత్సరములు లభించును. నోటు తేదీ 2023 జూన్ 10 అనుకొందము. దాని గడువు 2026 జూన్ 10తో ముగియును. ఈలోగా 2025 మే 5న బాకీదారు రు. 5,000లు చెల్లించి సంతకము చేసినచో, గడువు 2028 మే 5 వరకు సాగును. ఋణదాత తానే వ్రాసికొని, బాకీదారు సంతకము లేని చెల్లు గడువును పెంచదు. నోటిమాట అసలే పెంచదు.

రెండవది కాగితములు. నోటు, కాటా చీటీలు, రసీదులు, బ్యాంకు పాసుబుక్కు మున్నగువానిని తేదీల వరుసను పేర్చుకొనవలయును. సెల్‌ఫోనులోని సందేశములను తుడిచివేయరాదు. నోటుపై తేదీని గాని అంకెను గాని దిద్దరాదు; దిద్దిన నోటు చెల్లక పోవచ్చును. అసలు నోటును ప్లీడరునకు అప్పగించినచో రసీదు పొందవలయును.

చెక్కు చెల్లక తిరిగివచ్చినచో ఆలస్యము పనికిరాదు. బ్యాంకు తెలిపిన 30 దినములలో బాకీదారునకు వ్రాతమూలకముగా నోటీసు నీయవలయును. నోటీసు అందిన 15 దినములలో అతడు చెల్లింపనియెడల, అటుపై నెలలోపల క్రిమినలు కోర్టులో ఫిర్యాదు చేయవచ్చును.

మూడవది వివరపత్రము. ఎప్పుడు, ఎంత, ఏ వడ్డీకి ఇచ్చితిమి, ఎంత చెల్లినది, నోటు వ్రాసినదెవరు, సాక్షులెవరు అనునవి ఒక కాగితముపై వ్రాసికొనవలయును. మనకు ప్రతికూలమైన సంగతులనుకూడ దాచక వ్రాయవలయును. అవి ప్రతివాది నోట ప్లీడరు మొదటిసారి వినుటకంటె మన నోట వినుట మేలు.

నాల్గవది బాకీదారు ఆస్తి. డిక్రీ పొందుట వేరు, పైకము చేతికి వచ్చుట వేరు. వ్యవసాయదారుని సేద్యపు పనిముట్లు, సేద్యమునకు కావలసిన పశువులు, విత్తనపు ధాన్యము, అతడు కాపురముండు ఇల్లు సాధారణముగా జప్తునకు లోబడవు. కావున భూముల సర్వే నెంబర్లు, ఇతర ఆస్తులు, హామీదారులు ఉన్నచో వారి వివరములు ముందే సేకరింపవలయును.

కోర్టు రుసుము, ప్లీడరు ఫీజు, పట్టు కాలము మొదటనే అడిగి తెలిసికొనుటకు సంకోచింపరాదు. 1987 సం. న్యాయసేవల చట్టము క్రింద స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయము కలదు. లోక్ అదాలతులో ఇరువురు రాజీపడినచో ఆ తీర్పు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు.

బాకీదారుతో స్నేహము చెడునని వెనుదీయువారికి మేము చెప్పునది ఒక్కటే. గడువులోపల సంతకముతో చెల్లు వ్రాయించుకొనుట విరోధము గాదు. అది ఉభయులకును లెక్క తేల్చు పద్ధతి. నేడే పెట్టె తెరచి నోట్ల తేదీలు చూచుకొనుడు. గడువు సమీపించిన నోటు ఒక్కటి కనబడినను, రేపే ప్లీడరును చూడుడు.