చిప్‌కు కూడా మత్తడి కావాలి

చలికాలం రాత్రి లైట్లు ఆర్పినాక నైలాన్ స్వెట్టర్ విప్పితే చిటపటమని చిన్న మెరుపులు వస్తాయి. కొందరు దయ్యమని భయపడతారు. దయ్యం లేదు, గియ్యం లేదు. అది స్థిర విద్యుత్తు. రెండు వస్తువులు రుద్దుకుంటే ఒకదాని ఎలక్ట్రాన్లు ఇంకోదానికి పోతాయి. గాలి పొడిగా ఉంటే అవి తొందరగా దిగిపోవు, ఒంటి మీదే ఉంటాయి.

వేలికి చురుక్కుమని తెలియాలంటే దాదాపు 3000 వోల్టులు ఉండాలి. అయినా మనకేం కాదు, ఎందుకంటే ఆ విద్యుత్తు చాలా కొంచెం, క్షణంలో అయిపోతుంది. కానీ కొన్ని చిప్‌లు 100 వోల్టులకే పాడైపోతాయి. అంటే మనకు తెలియకుండానే మన వేలు వాటిని చంపగలదు! మన కంప్యూటర్ గదిలో పెన్‌డ్రైవ్ పెట్టే సాకెట్లు రెండు పనిచేయడం లేదు. కారణం ఇదేనని నేను అనను, తీగ ఊడినా అట్లనే అవుతుంది. కానీ ఇది కూడా కావచ్చు.

దీన్ని ఆపడానికి టీవీఎస్ డయోడ్ అని ఒకటి ఉంది (బండి కంపెనీ కాదు). లోపలికి వచ్చే తీగకూ ఎర్త్ తీగకూ మధ్య దాన్ని తిరగేసి కలుపుతారు. అది చెరువు మత్తడి లాంటిది. 1560లలో కట్టిన మన హుస్సేన్ సాగర్‌నే చూడండి. వరద వస్తే ఎక్కువైన నీళ్ళు అలుగు దుంకి మూసీకి పోతాయి, కట్ట తెగదు.

మరి ఏ డయోడ్ వేయాలి? మొదట మత్తడి ఎత్తు చూడాలి. 5 వోల్టుల తీగకు 5 వోల్టుల దాకా కదలకుండా ఉండేది కావాలి. 3 వోల్టులది వేస్తే మామూలు కరెంటు కూడా కారిపోతుంది. 24 వోల్టులది వేస్తే మత్తడి దుంకక ముందే కట్ట తెగుతుంది. బయటికి రెండూ ఒక్క తీరే కనిపిస్తాయి, కాబట్టి నంబరు చూడాలి.

ఇంకో సంగతి చాలామంది చూడరు. వరద జోరులో మత్తడి మీద కూడా నీళ్ళు ఎత్తుగా పోతాయి కదా! అట్లనే 5 వోల్టులదని రాసి ఉన్నా, మెరుపు తగిలినప్పుడు వోల్టేజి 10, 15 దాకా లేస్తుంది. ఆ అంకెను చిప్ తట్టుకోవాలి. దుకాణంలో అడగాల్సింది ఆ అంకెనే.

పెన్‌డ్రైవ్ తీగలో సంకేతాలు చాలా వేగంగా పోతాయి. డయోడ్ తనలో కొంచెం విద్యుత్తు నిలుపుకుంటుంది, అది ఎక్కువైతే సంకేతం మందగిస్తుంది. అందుకే అక్కడ 1 పికోఫారడ్ కంటే తక్కువది వేస్తారు. మామూలు బటన్ తీగకు ఆ పట్టింపు లేదు.

పిడుగుకు మాత్రం ఈ చిన్నది చాలదు. రైలు సిగ్నళ్ళకు పెద్ద పరికరాలు పెడతారు. సిగ్నల్ ఇంజనీర్లకు చదువు చెప్పే ఇరిసెట్ 1957 నుంచి మన తార్నాకలోనే ఉంది.

వార్డెన్ మేడంకు ఒక మనవి. రిపేరు చేసే అన్న వచ్చినప్పుడు ఆ డయోడ్ ఉందో లేదో అడగండి. బియ్యపు గింజ కంటే చిన్నగా, సాకెట్టుకు ఆనుకొని ఉండాలి.