మీకు తెలుసా? ఫ్యాన్ వేగం సగమైతే రొద అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది

కంప్యూటర్ డబ్బాలోని ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి కూడా సగమవుతుంది. రొద మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. ధ్వనిశక్తి సుమారుగా వేగం ఐదో ఘాతాన్ని బట్టి మారడమే ఇందుకు కారణం. అందుకే చిన్న ఫ్యాన్‌ను జోరుగా తిప్పడం కన్నా పెద్దదాన్ని నెమ్మదిగా తిప్పడం ఎంతో మేలు. లెక్క ప్రకారం 80 మి.మీ. ఫ్యాన్ ఇచ్చేంత గాలిని అదే ఆకృతిలోని 120 మి.మీ. ఫ్యాన్ మూడోవంతు కన్నా తక్కువ వేగంతోనే ఇవ్వగలదు.

నాలుగు పిన్నుల ఫ్యాన్ల వేగాన్ని వేడిని బట్టి మదర్‌బోర్డే మారుస్తుంది. ఆ నియంత్రణ సంకేతం 25 కిలోహెర్ట్జ్ దగ్గర, మనిషి చెవికి అందని ఎత్తులో ఉంటుంది.

చప్పుడంతా మోటారుదే కాదు. రెక్కలకు మరీ దగ్గరగా చిల్లుల రేకు ఉంటే గాలి సుడులు తిరిగి శబ్దం పెరుగుతుంది. సన్నని తీగ జాలీ చాలా నయం. మరలకు బదులు రబ్బరు పిన్నులు వాడితే కంపనం డబ్బాకు అంతగా పాకదు. హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము పేరుకుంటే వేడి దిగక ఫ్యాన్ వేగం పెరుగుతుంది. దుమ్మును బ్లోయర్‌తో ఊదేటప్పుడు రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి. లేకుంటే హద్దు మీరి తిరిగి బేరింగ్ దెబ్బతినవచ్చు. బేరింగ్ అరిగి గరగరమంటుంటే ఫ్యాన్ మార్చాల్సిందే.