మాక్ టెస్టులు ఎన్ని రాసినా స్కోరు కదలట్లేదా? క్యాట్ అభ్యర్థులు ముందు చూడాల్సిన లెక్క ఇదే

వారానికి రెండు మాక్‌లు రాస్తున్నారు. ఫార్ములాలన్నీ వచ్చేశాయి. అయినా స్కోరు మాత్రం అక్కడే ఆగిపోయింది. ఐఐఎం సీటు కోసం క్యాట్‌కు సిద్ధమయ్యే చాలామందికి ఒక దశలో ఎదురయ్యే సమస్య ఇది. అప్పుడు ఎక్కువమంది చేసే పని ఏంటంటే, ఇంకో టెస్ట్ సిరీస్ కొని మరిన్ని మాక్‌లు రాయడం. కానీ స్కోరు పెరిగేది మాక్ రాసిన 2 గంటల్లో కాదు, రాసిన తర్వాత దాన్ని విప్పి చూసే 3, 4 గంటల్లో. అదెలాగో ఇప్పుడు చూద్దాం.

ఏడాదికి ఒక్కటే ఛాన్స్

క్యాట్ ఏడాదికి ఒక్కసారే, సాధారణంగా నవంబర్ చివర్లో జరుగుతుంది. ఆ రోజు తేడా కొడితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు చదివేవాళ్లకు, ఇంట్లో ‘ఇంకెన్నాళ్లు’ అని అడిగించుకునేవాళ్లకు ఈ ఏడాది చిన్న విషయం కాదు. పైగా ఈ స్కోరు ఐఐఎంలకే పరిమితం కాదు. 2015లో మొదలైన ఐఐఎం విశాఖపట్నంతో పాటు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంబీఏ లాంటి కోర్సులకూ ఇదే దారి.

పరీక్ష ఎలా ఉంటుంది?

2020 నుంచి క్యాట్ వ్యవధి 2 గంటలు. మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 40 నిమిషాలు. మొదట వెర్బల్, తర్వాత డేటా ఇంటర్‌ప్రిటేషన్-లాజికల్ రీజనింగ్, చివర్లో క్వాంట్. ఒక సెక్షన్ టైమ్‌లో ఇంకో సెక్షన్‌కు వెళ్లడం కుదరదు. 2024, 2025లో మొత్తం 68 ప్రశ్నలు వచ్చాయి. వెర్బల్‌లో 24, మిగతా రెండింటిలో 22 చొప్పున. సరైన జవాబుకు 3 మార్కులు, తప్పైతే 1 మార్కు కోత. ఆప్షన్లు లేకుండా జవాబు టైప్ చేసే ప్రశ్నలకు మాత్రం నెగెటివ్ మార్కులు ఉండవు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఐఐఎంలు మొత్తం పర్సంటైల్‌తో పాటు ఒక్కో సెక్షన్‌లోనూ కనీస పర్సంటైల్ అడుగుతాయి. క్వాంట్ ఇరగదీసి వెర్బల్ వదిలేస్తే కాల్ రాకపోవచ్చు. బీటెక్ చదివిన తెలుగు విద్యార్థుల్లో చాలామంది జాగ్రత్త పడాల్సింది ఇక్కడే.

22 మార్కులు 43 ఎలా అవుతాయి?

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక అభ్యర్థి క్వాంట్‌లో 22 ప్రశ్నలకు 16 చేశాడు అనుకుందాం. అందులో 9 కరెక్ట్, 7 తప్పు. ఆ ఏడింటిలో 5 ఆప్షన్లు ఉన్నవి, 2 టైప్ చేసేవి. అంటే 27 మార్కుల్లో 5 పోయి 22 మిగిలాయి. దీన్ని చూసి ‘మ్యాథ్స్ వీక్, మళ్లీ మొదటి నుంచి చదవాలి’ అనుకోవడం సహజం.

ఇప్పుడు అదే పేపర్‌ను విప్పి చూద్దాం. తప్పైన 7లో రెండింటికి, అంటే టైప్ చేసే వాటికి, కాన్సెప్టే తెలియదు. రెండు గెస్ కొట్టినవి. మిగతా మూడూ పద్ధతి తెలిసి కూడా పోయినవే: కూడికలో పొరపాటు, ప్రశ్న సరిగ్గా చదవకపోవడం, అడిగింది ఒకటైతే ఇంకోటి కనుక్కోవడం. ఇక అసలు ముట్టుకోని 6 ప్రశ్నల్లో మూడు, పరీక్ష అయ్యాక తీరిగ్గా కూర్చుంటే రెండేసి నిమిషాల్లో వచ్చేశాయి.

లెక్క వేస్తే, పొరపాటున పోయిన మూడూ సరిచేసుకుంటే 9 మార్కులు వస్తాయి, కోత పడిన 3 కూడా తిరిగొస్తాయి. అంటే 12. వదిలేసిన మూడు తేలిక ప్రశ్నలకు ఇంకో 9. మొత్తం 21 మార్కులు కలిస్తే 22 కాస్తా 43 అవుతుంది. కొత్తగా ఒక్క చాప్టర్ కూడా చదవకుండానే! ఇందులో సగం సాధించినా 10 మార్కులు పెరిగినట్టే.

ప్రతి ప్రశ్నకూ ఒక కారణం

అందుకే మాక్ అయ్యాక చేయాల్సిన మొదటి పని సొల్యూషన్ వీడియో ఓపెన్ చేయడం కాదు. తప్పైనవి, వదిలేసినవి అన్నీ టైమర్ లేకుండా మళ్లీ సొంతంగా చేయాలి. ఆ తర్వాతే జవాబు చూడాలి. అప్పుడు ఒక్కో ప్రశ్న పక్కన ఈ నాలుగింటిలో ఏదో ఒక కారణం రాయాలి.

1. కాన్సెప్ట్ తెలియదు.
2. తెలుసు, కానీ పొరపాటు చేశారు.
3. వచ్చే ప్రశ్నే, కానీ అక్కడిదాకా వెళ్లలేదు.
4. రాని ప్రశ్న దగ్గర టైమ్ పోగొట్టుకున్నారు.

మొదటి దానికి పుస్తకం కావాలి. రెండోదానికి రఫ్ షీట్‌పై శుభ్రంగా రాసే అలవాటు కావాలి. మూడు, నాలుగు మాత్రం ఒకే నాణేనికి రెండు వైపులు. ఒక ప్రశ్నపై 6 నిమిషాలు కూర్చుంటే, ఆ 6 నిమిషాల్లో అయిపోయే రెండు, మూడు తేలిక ప్రశ్నలు పోతాయి. ఇలా మూడు మాక్‌లకు వరుసగా రాస్తే, ఎక్కువ మార్కులు ఏ కారణంతో పోతున్నాయో బయటపడుతుంది. ఆ వారం చదువు దాని మీదే ఉండాలి.

గెస్ కొట్టాలా, వద్దా?

నాలుగు ఆప్షన్ల ప్రశ్నకు గుడ్డిగా గెస్ కొడితే నాలుగింట ఒకటి తగలాలి. దానికి 3 మార్కులు వస్తే, మిగతా మూడింటికి 3 పోతాయి. అంటే లాభం సున్నా. ఒక ఆప్షన్‌ను కచ్చితంగా తప్పని తీసేయగలిగితే, మూడు ప్రశ్నలకు సగటున 1 మార్కు మిగులుతుంది. రెండు తీసేయగలిగితే, రెండు ప్రశ్నలకు 2 మార్కులు. కాబట్టి కనీసం ఒక ఆప్షన్ తీసేయగలిగినప్పుడే గెస్ కొట్టడంలో అర్థం ఉంది. 4 నిమిషాలు కుస్తీ పట్టి చివరికి గెస్ కొట్టడం మాత్రం అసలైన నష్టం. అక్కడ పోయేది మార్కు కంటే ఎక్కువగా టైమ్. ఇక టైప్ చేసే ప్రశ్నలకు కోత లేదు కాబట్టి, అంచనాగా ఏదో ఒక జవాబు తట్టినా ఖాళీగా వదలకూడదు.

సెక్షన్ మారితే పద్ధతీ మారాలి

క్వాంట్: 40 నిమిషాల్లో 22 ప్రశ్నలూ కనీసం ఒక్కసారైనా కళ్లముందు నుంచి వెళ్లాలి. మొదటి రౌండ్‌లో చూడగానే దారి తెలిసినవి చేసేయాలి. ఆలోచించాల్సినవి రివ్యూకు మార్క్ చేసుకుని రెండో రౌండ్‌లో చూడాలి. సెక్షన్ లోపల ముందుకీ వెనక్కీ వెళ్లే వీలుంది, దాన్ని వాడుకోవాలి.

డేటా, లాజిక్: ఇక్కడ ప్రశ్నలు సెట్లుగా వస్తాయి. ఏ సెట్ పట్టుకున్నారన్నదే సగం స్కోరును తేల్చేస్తుంది. మొదటి 4, 5 నిమిషాలు అన్ని సెట్లూ చదవడానికి కేటాయిస్తే వృథా కాదు. అన్నింట్లో చేయి పెట్టడం కంటే రెండు, మూడు సెట్లు పూర్తిగా చేయడం మేలు. మాక్ అయ్యాక సెట్లన్నీ ఇంట్లో చేసి, తేలిక నుంచి కష్టం దాకా వరుసలో పెట్టాలి. పరీక్షలో ఎంచుకున్నవి ఆ వరుసలో ఎక్కడున్నాయో చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిపోతుంది.

వెర్బల్: ఇటీవలి పేపర్లలో 24లో 16 ప్రశ్నలు నాలుగు ప్యాసేజ్‌ల నుంచే వస్తున్నాయి. ఇంగ్లిష్ సినిమాలు చూస్తే సరిపోదు. రోజూ ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ లాంటిది చదివి, రాసిన వ్యక్తి ఏం చెప్పదలచుకున్నాడో రెండు వాక్యాల్లో సొంతంగా రాయడం మంచి ప్రాక్టీస్. తప్పైన ప్రతి ప్రశ్నకూ, పెట్టిన ఆప్షన్‌లో ఏ మాట వల్ల అది తప్పైందో గుర్తించాలి. చాలాసార్లు ప్యాసేజ్‌లో ‘కొన్నిసార్లు’ అని ఉంటే, ఆప్షన్‌లో ‘ఎప్పుడూ’ అని ఉంటుంది. దెబ్బ పడేది అక్కడే.

ఐసెట్ రాసేవాళ్లు గుర్తుంచుకోండి

తెలుగు రాష్ట్రాల్లో చాలామంది క్యాట్‌తో పాటు ఐసెట్ కూడా రాస్తారు. ఆ లెక్క పూర్తిగా వేరు. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు. ఒక్క ప్రశ్న ఖాళీగా వదిలినా అది నష్టమే. క్యాట్‌కు అలవాటైన ‘వదిలేయడం’ ఐసెట్‌లో ర్యాంకును వెనక్కి లాగుతుంది. అందుకే రెండూ రాసేవాళ్లు ఐసెట్‌కు ముందు కొన్ని మాక్‌లు విడిగా దాని పద్ధతిలోనే రాయడం మంచిది.

వారానికి ఎన్ని మాక్‌లు?

ఉద్యోగం చేసేవాళ్లకు వారానికి ఒకటి చాలు. మధ్యలో 40 నిమిషాల సెక్షన్ టెస్టులు ఒకటి, రెండు రాసుకోవచ్చు. గత మాక్ తప్పులు చూడకుండా కొత్త మాక్ మొదలుపెడితే అవే తప్పులు మళ్లీ జరుగుతాయి. ఒక్క మాక్‌లో మార్కులు పడిపోయాయని కంగారు పడక్కర్లేదు. పేపర్ కష్టంగా ఉంటే అందరికీ తగ్గుతాయి. అందుకే గత నాలుగైదు మాక్‌ల సగటు చూడాలి. వేర్వేరు సంస్థల మాక్‌లలో వచ్చిన పర్సంటైల్‌ను పోల్చుకోవడమూ సరికాదు, ఎందుకంటే రాసేవాళ్లు వేరు.

క్యాట్ ఉదయం 8.30కు, మధ్యాహ్నం 12.30కు, సాయంత్రం 4.30కు మూడు స్లాట్లలో జరుగుతుంది. అడ్మిట్ కార్డు వచ్చాక మిగిలిన మాక్‌లన్నీ తమ స్లాట్ టైమ్‌కే రాయాలి. డ్యూటీ అయ్యాక రాత్రి 11 గంటలకు నిద్రమత్తులో రాసిన మాక్ స్కోరు చూసి ఆశ వదులుకోవద్దు. అది అలసట స్కోరు, అభ్యర్థి సత్తా కాదు. చివరి వారంలో కొత్త చాప్టర్లు, కొత్త పుస్తకాల జోలికి వెళ్లకుండా, ఇన్నాళ్లూ కారణాలు రాసుకున్న ఆ నోట్‌బుక్ తిరగేస్తే చాలు.