కంప్యూటరా, చేతిఫోనా?

మగ్గమున్న ఇంటికి కంప్యూటరు కావలెనా, చేతిఫోను చాలునా అని మన సభ్యులు తరచుగా అడుగుచున్నారు. అప్పు చేసి కొనవలసిన వస్తువు గనుక ఈ విషయమును నిదానముగా ఆలోచింపవలెను.

ప్రశ్న క్రొత్తది కాదు. 1990 దశకములో అమెరికాలోని ఓరకిల్ కంపెనీ అధిపతి లారీ ఎలిసన్, 500 డాలర్ల చిన్న యంత్రమును ఇంటర్నెట్టుకు తగిలించినచో ఖరీదైన కంప్యూటరుతో పనియుండదని చాటెను. 2000లో త్రీకామ్ కంపెనీ వంటింటిలో పెట్టుకొనుటకు ఆడ్రీ అను పరికరమును తెచ్చి, మరుసటి సంవత్సరమే మానుకొనెను. మన చెన్నైలో నోవాటియం అను సంస్థ కూడ ఈ దారినే నడచినది. ఐ.ఐ.టి. మద్రాసు ఆచార్యులు అశోక్ ఝున్‌ఝున్‌వాలా గారు దాని స్థాపకులలో ఒకరు. 2007 నాటికి ఆ సంస్థ తయారుచేసిన నెట్ పీసీ ధర సుమారు 100 డాలర్లు. అందులో హార్డుడిస్కు లేదు. లెక్కలు, ఉత్తరములు, ప్రోగ్రాములు అన్నియు దూరముననున్న సర్వరులోనే ఉండును.

ఆ పెట్టె ఇంటింటికి చేరలేదు గాని, ఆ ఆలోచన చేరినది. 2016లో జియో వచ్చి ఇంటర్నెట్టు చవుకయైన పిమ్మట, ఆ పనిని చేతిఫోను చేయుచున్నది. చీర ఫోటో పంపుట, బేరము కుదుర్చుకొనుట, సొమ్ము జమ యగుట, వీనికి ఫోను చాలును. వీనికొరకే కంప్యూటరు కొనుట దండుగ.

డిజైను పని వేరు. 240 కొక్కెముల జాకార్డు మీద 300 పేకల అంచు వేయవలెనన్న 300 అట్టలు కావలెను. గ్రాఫులో 72,000 గడులు చూచుకొనవలెను. ఒక్క గడి తప్పినను నేతలో తప్పు కనబడును. అంత పనికి పెద్ద తెర, తగిన సాఫ్టువేరు, కంప్యూటరు ఉండవలసినదే. అయితే అది ప్రతి ఇంటను ఉండనక్కరలేదు. సంఘమునకు ఒకటి ఉండి, నేర్చిన పిల్ల యొకతె కూర్చున్న చాలును.

ఇక అసలు సంగతి. సొంత మగ్గమునకును, యజమాని మగ్గము మీద కూలి నేతకును గల తేడా మనకు ఒకరు చెప్పనక్కరలేదు. సమస్తమును పరుల సర్వరులో దాచుట కూలి మగ్గము వంటిది. లైను తెగిన నాడు పని ఆగును. సంకేతపదము మరచినను, ఆ కంపెనీ మూతబడినను, తాతలనాటి అంచుల నమూనాలు, ఖాతాదారుల చిరునామాలు చేజారిపోవచ్చును. పరికరము చిన్నదా పెద్దదా యనుటకన్న, మన సొత్తు ఎవరి యింట నున్నదన్నదే ముఖ్యము.

కావున మేము చెప్పునది ఇది. ఇంటికి ఫోను, సంఘమునకు కంప్యూటరు. ప్రతి డిజైనుకు ఒక ప్రతి సంఘపు కంప్యూటరులోను, ఒకటి ఇంటి పెన్‌డ్రైవులోను, ముఖ్యమైనవి గ్రాఫు కాగితము మీదను ఉంచుకొనవలెను. ఫోటోలోని చీర అమ్ముడుపోవును. దాని గ్రాఫు మాత్రము మన పిల్లలకు మిగులవలెను.